మూడున్నరేళ్ల నిరుద్యోగి

మా ఇంట్లో ఒకడున్నాడు. వయసు మూడున్నర. పనీ పాటా లేదు. పొద్దున్నే లేస్తాడు, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి నీళ్లు పోస్తాడు, సోఫా మీంచి దూకుతాడు, ఓ చీమ వెనకాల గోడ దాకా వెళ్తాడు, పడుకుంటాడు. ఇంకో రెండు నెలల్లో కిండర్‌గార్టెన్‌లో చేరాల్సిన మనిషి ఇలా కాలక్షేపం చేస్తుంటే కన్నవాళ్లకు టెన్షన్ ఉండదా? మాకు నిద్ర పట్టడం లేదు. వాడికి మాత్రం హాయిగా పడుతోంది. ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని డాక్టర్లు అంటారు, కాదనను, కానీ 24 గంటల్లో సగం అక్కడే పోతే ఇక సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందో కూడా వాళ్లే చెప్పాలి.

అందుకని బాధ్యత నేను తీసుకున్నాను. ముందు ఒక ఎక్సెల్ షీట్ చేశాను. రంగులు, ఆకారాలు, 1 నుంచి 100 దాకా అంకెలు, అక్షరాలు, ప్రవర్తన, నాయకత్వ లక్షణాలు. ఆ చివరిది పక్కింటాయన చెబితే పెట్టాను. వాళ్ల పాప నాలుగు నిండకుండానే వంద దాకా లెక్కపెడుతుందట, వెనక్కి కూడా. వెనక్కి ఎందుకండీ అని నోటిదాకా వచ్చింది గానీ, అడిగితే మావాడికి ముందుకే సరిగ్గా రాదన్న సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను.

అసలు ఈ అలసత్వానికంతటికీ మూలపురుషుడు ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ అని ఒక జర్మన్ పెద్దమనిషి. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్లో పసిపిల్లల కోసం ఒక చోటు తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. పేరులోనే క్రమశిక్షణ లేదు చూడండి. పోనీ పిల్లల చేతికి ఆయన మొట్టమొదట ఇచ్చింది ఏమిటయ్యా అంటే పుస్తకం కాదు, పలక కాదు, రంగురంగుల ఉన్ని బంతులు! తర్వాత ఓ చెక్క గుండు, ఓ స్తూపం, ఓ ఘనం. ఆ పైన దిమ్మెలు, పాటలు, తోటపని. ఇదేదో ముదురుతోందని ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను ఏకంగా నిషేధించింది, పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నారన్న అనుమానంతో. (దిమ్మెలతో సోషలిజం ఎలా నేర్పుతారో తెలియదు గానీ, దిమ్మెల పెట్టె దగ్గర మావాణ్ణి చూస్తే సొంత ఆస్తి మీద నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది.) ఆ మరుసటి ఏడాదే పెద్దాయన పోయాడు, 1860లో నిషేధం ఎత్తేశారు. అంత పెద్ద ప్రభుత్వం తొమ్మిదేళ్లు తంటాలు పడి చేయలేని పనిని మేం తల్లిదండ్రులం చడీచప్పుడు లేకుండా చేసి చూపించాం. బయట బోర్డు మీద తోట అలాగే ఉంది, లోపల ఆట పోయింది.

ఇక రాత. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, మావాడి వయసులో సగం కూడా పూర్తిగా తయారు కావు. నా దృష్టిలో ఇది శరీరం చూపించే బద్ధకం. పక్కింటి పాపకు ఎముకలతో నిమిత్తం లేకుండా కలిపిరాత వచ్చేస్తుంటే మావాడు పెన్సిల్‌ని పిడికిట్లో గరిటలా పట్టుకుని కాగితానికి కన్నం పెడుతున్నాడు. వేళ్లకు బలం రావాలంటే పిండి ముద్దలు పిసకనివ్వండి, కాగితాలు చింపనివ్వండి అని మా అమ్మ సలహా. చింపడం ప్రత్యేకంగా నేర్పక్కర్లేదమ్మా, నా ఎక్సెల్ షీట్ ప్రింటు ఇప్పటికి మూడుసార్లు తీశాను.

ఇంటర్వ్యూ రిహార్సల్ రోజూ సాయంత్రం. నేను కుర్చీలో, వాడు ఎదురుగా.

"నీ పేరేంటి బాబూ?"

"నీకు తెలుసు కదా."

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"ప్రశ్నలు అడుగుతారు."

నాయకత్వ లక్షణాల గడిలో సున్నా వేశాను. పక్కనే ఉన్న మా ఆవిడ ఎందుకో పది వేసింది.

ఇంతలో ఆవిడ సొంతంగా ఇంకో సిలబస్ నడుపుతోందని నాకు ఆలస్యంగా తెలిసింది. చెప్పుల పట్టీ తనే పెట్టుకోవడం, చొక్కా వెనకా ముందూ చూసుకోవడం, ముక్కు తుడుచుకోవడం, ఒంటికి వస్తే బిగబట్టుకుని గెంతకుండా టీచర్‌తో నోరు తెరిచి చెప్పడం. ఇవీ ఒక చదువేనా చెప్పండి! ఏ పోటీ పరీక్షలో అడుగుతారు? ఓ రోజు నేను ఆంగ్ల అక్షరాల కార్డులు పట్టుకుని వెళ్లేసరికి వాడు నేల మీద కాళ్లు బార్లా చాపుకుని టిఫిన్ డబ్బాతో కుస్తీ పడుతున్నాడు. నాలుక కొస ఓ పక్కకు బయటికొచ్చింది. రెండు బొటనవేళ్లూ క్లిప్పు కింద పెట్టి లాగితే డబ్బా గిర్రున తిరిగింది. మోకాళ్ల మధ్య ఇరికించాడు, జారింది. పొట్టకు ఆనించుకుని ఊపిరి బిగించి పైకి ఎత్తేసరికి టప్‌మని మూత ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. వాడు మూత వైపు చూశాడు, నా వైపు చూశాడు, మూత తీసుకెళ్లి మళ్లీ పెట్టేశాడు, మళ్లీ మొదలు. ఇరవై నిమిషాలు. అంతసేపూ నేను 'హెచ్' కార్డు ఎత్తి పట్టుకునే ఉన్నాను.

వీడ్కోలు కూడా సాధన చేశాం. చెప్పకుండా జారుకోకూడదు, అలాగని గంటసేపు సాగదీయకూడదు, నవ్వుతూ ఒక్కమాట చెప్పి వచ్చేయాలి, ఇదీ పద్ధతి. నేను తొమ్మిదిసార్లు వెనక్కొచ్చి చెప్పాను. పదోసారి వాడే తలుపేశాడు.

మొదటి రోజు సాయంత్రం, పెన్ను తీసి సిద్ధంగా కూర్చుని అడిగాను. ఏం నేర్చుకున్నావురా? ఏం లేదు. లెక్కలు చెప్పారా? లేదు. మరి పొద్దుట్నుంచీ ఏం చేశావు?

"నలుగురి డబ్బాల మూతలు తీశా. వాళ్లకి రావట్లేదు."

షీట్‌లో దీనికి గడి లేదు. చాలాసేపు ఆలోచించి, అట్టడుగున 'ఇతరములు' అని ఒకటి చేర్చి, అందులో 4 అని వేశాను. వాడు తొంగి చూసి, రేపు ఇంకా ఎక్కువ తీస్తానని, కాస్త చోటు వదలమని చెప్పాడు.