గొడుగూ తొడుగూ

హోటల్ గది తలుపు వేస్తుంటే మా మావగారు గొడుగు పట్టుకెళ్దామన్నారు. ఆకాశం అద్దంలా ఉంది, అనవసరంగా మోత ఎందుకు మావయ్యగారూ అని నేనే వద్దన్నాను. ఆ రోజు జరిగినదంతా గొడుగుల వల్లే జరిగింది కాబట్టి ఆ తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటున్నాను. మా ఆవిడ ఇది చదువుతుంది.

ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్‌కి హాఫ్‌డే టూరు. వెనక నిట్టనిలువు కొండ, ముందు సరస్సు, రెంటికీ మధ్య చీర అంచులా సన్నగా ఊరు. పేరు తెలియకపోయినా ఏ క్యాలెండర్ మీదో, పళ్ల డాక్టరుగారి వెయిటింగ్ రూములోనో మీరూ చూసే ఉంటారు. ఊళ్లో కాపురముండేది 800 మంది కూడా కాదు. సీజన్లో చూడ్డానికి వచ్చేది మాత్రం రోజుకి 10,000 మంది దాకా. చైనావాళ్లకి ఊరు ఎంత నచ్చిందంటే 2012లో గ్వాంగ్‌డాంగ్‌లో చర్చితో సహా నకలు కట్టేసుకున్నారు. ఈ సంగతి చెప్పగానే మా మావగారు "మనం వెళ్లేది ఒరిజినల్‌కేనా, జిరాక్సుకా?" అని బుకింగ్ కాగితం ఇంకోసారి చూశారు.

బస్సు ఎక్కగానే గైడమ్మ మైకు పట్టుకుని, ముడిచిన ఎర్ర గొడుగొకటి పైకెత్తింది. "అక్కడ జనం ఎక్కువ. నా మొహం గుర్తుపెట్టుకోకండి, దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇది ఎక్కడుంటే మీరక్కడ." మేం అక్షరాలా అలాగే చేశాం. ఆవిడ మొహం ఇప్పటికీ నాకు గుర్తులేదు.

మా మావగారు ఇరిగేషన్‌లో ఈఈగా రిటైరయ్యారు. నీళ్లు కనబడితే చాలు, ఆయనలో ఉద్యోగం లేచి కూర్చుంటుంది. మొదట ఫుష్ల్ సరస్సు వచ్చింది. బస్సంతా ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటుంటే ఈయన చెయ్యెత్తి, "దీని కింద ఆయకట్టు ఎంత?" అనడిగారు. నేను తర్జుమా చేశాను. గైడమ్మ కాసేపు ఆలోచించి, "పొలాలకేం వాడరు, ఈతకొడతారు" అంది.

"ఇన్ని నీళ్లు పెట్టుకుని ఈతా!" అని కిటికీవైపు తిరిగి కూర్చున్నారు.

తర్వాత సెంట్ గిల్గెన్. సంగీతకారుడు మొజార్ట్ వాళ్లమ్మ 1720లో పుట్టింది ఇక్కడేనని గైడమ్మ చెప్పింది. "అంటే మొజార్ట్‌కి అమ్మమ్మగారి ఊరన్నమాట" అని మావగారు తేల్చేశారు. నాకు ఆ ఒక్క మాటతో ఆ ఊరు ఎంత దగ్గరైపోయిందో! తర్వాత బాడ్ ఇషల్. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి ఏటా వేసవికి ఇక్కడికే వచ్చేవాడట. 1914 జూలైలో సెర్బియా మీద యుద్ధానికి సంతకం పెట్టిందీ ఇక్కడే. అదే ముదిరి మొదటి ప్రపంచ యుద్ధమైంది. మావగారు గట్టిగా నిట్టూర్చారు. "అందుకే సెలవుల్లో ఫైళ్లు ముట్టుకోకూడదనేది."

హాల్‌స్టాట్‌లో టూరిస్టు బస్సులు ఎప్పుడుపడితే అప్పుడు వెళ్లడానికి లేదు. ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, ఆ టైముకే రావాలి, ఆ టైముకే పోవాలి. "పన్నెండున్నరకి బస్సు కదుల్తుంది, ఎవరికోసమూ ఆగదు" అని గైడమ్మ రెండుసార్లు చెప్పింది. రెండోసారి ఎందుకో మావైపే చూసి చెప్పింది.

దిగగానే మావగారు నా చెవిలో, "అల్లుడుగారూ, అర్జెంటు" అన్నారు.

టాయిలెట్ ముందు నాణెం వేస్తే తిరిగే గేటు. నా దగ్గరున్నవన్నీ నోట్లు. చిల్లర కోసం పక్క కొట్లో ఒక ఫ్రిజ్ మాగ్నెట్ కొన్నాను. కొట్టావిడ చిల్లరంతా సెంట్లలో ఇచ్చింది. గేటు ఆ సెంట్లు పుచ్చుకోనంది. మళ్లీ వెళ్లి రెండో మాగ్నెట్ కొన్నాను. మావగారు గేటు దగ్గర ఒంటికాలి మీద నిలబడి, "ఇవాళ్టికి మాగ్నెట్లు చాలు, అల్లుడుగారూ" అని అరిచారు. ఇంత ఖరీదైన అర్జెంటు నా జీవితంలో చూడలేదు.

మేం లోపలికి వెళ్లేటప్పుడు ఎండ. బయటికొచ్చేసరికి వాన. ఆ ప్రాంతంలో దీన్ని ష్నూర్ల్‌రేగెన్ అంటారు, దారాల వాన. నిజంగానే పైనుంచి ఎవరో కండెలు విప్పి వదులుతున్నట్టు సన్నగా, తెంపు లేకుండా పడుతుంది. చప్పుడుండదు, తగ్గదు. అంతకుముందు మనుషులతో నిండిన వీధిలో ఇప్పుడు ఒక్క మనిషీ లేడు, అన్నీ గొడుగులే. మా ఆవిడ లేదు. బస్సువాళ్లు లేరు. నాకు టెన్షన్ మొదలయ్యే లోపలే మావగారు చెయ్యి చాపారు.

"అదుగో!"

ముందు మలుపులో ఎర్ర గొడుగు. దాని వెనక రెయిన్‌కోటు టోపీలు బిగించుకున్న పదిమంది దాకా. మా బస్సువాళ్లేనా కాదా అని మొహాలు చూసి పోల్చుకునే వీలు లేదు. వీలున్నా లాభం లేదనుకోండి, బస్సులో గంటన్నరసేపు మేం చూసింది వాళ్ల తలల వెనక భాగాలే. తడుస్తూ పరిగెత్తి వెళ్లి కలిశాం. మా ఆవిడ మాత్రం కనబడలేదు. ఏదో ఉప్పు కొట్లో దూరి ఉంటుందిలే అనుకున్నాం. ఏడు వేల ఏళ్ల నుంచి ఉప్పు తవ్వుతున్న కొండ అది. ఆ కొట్లలో ఉప్పు నగల డబ్బాల్లాంటి డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. ఆవిడ అవి చూసి ఊరుకునే రకం కాదు.

ఊరి మధ్య చౌకులో ఒక ఇంటి గోడకి పియర్ చెట్టు. అచ్చంగా గోడకే. స్థలం లేని ఊరు కదా, కొమ్మల్ని అటూ ఇటూ వంచి గోడకి కట్టి పెంచారు. ఇస్త్రీ చేసి అతికించినట్టు చెట్టంతా బల్లపరుపుగా, కిటికీ వచ్చిన చోట కొమ్మ మర్యాదగా పక్కకి తప్పుకుని ఉంది. కాసేపు ఆగి చూద్దామనిపించింది. గొడుగు ఆగలేదు. మేమూ ఆగలేదు.

గొడుగు మెట్లెక్కింది. కొండమీది చర్చి వెనక చిన్న గుడిలాంటి గదికి తీసుకెళ్లింది. టికెట్ అడిగారు. "టూర్లో అన్నీ కలిపే అన్నారుగా!" అని మావగారు గొణిగారు. లోపల చెక్క అరల్లో వరసగా పుర్రెలు. మొత్తం 1200 దాకా ఉంటాయి. వాటిలో 600కి పైగా పుర్రెల మీద నుదుటి దగ్గర ఆకుల దండ, గులాబీలు, మనిషి పేరు, తేదీ రంగులతో రాసి ఉన్నాయి. శ్మశానం మరీ చిన్నది. కొన్నేళ్లయ్యాక పాతవారిని పైకి తీసి, పుర్రె కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇంట్లోవాళ్లే రంగులేయించి ఇక్కడ పెట్టేవారట. కింది జాగా కొత్తవారికి.

మావగారు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో పుర్రె ముందూ ఆగారు. "అద్దె కొంపే. గడువు తీరగానే ఖాళీ చెయ్యమన్నారు. కాకపోతే నేమ్ బోర్డు రాసిచ్చారు" అన్నారు.

గొడుగావిడ తన బృందానికి ఏదో చెబుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. బస్సులో ఇంగ్లీషులో చెప్పిన మనిషి ఇప్పుడు జర్మన్‌లో ఎందుకు చెబుతోందని అప్పుడైనా నాకు తట్టాలి. తట్టింది కూడా. సమాధానం నేనే చెప్పుకున్నాను: పుర్రెల ముందు మాతృభాష వస్తుంది కాబోలు. మావగారు అర్థమైనట్టు తలూపుతున్నారు. రివ్యూ మీటింగుల్లో ముప్ఫై ఏళ్లు ఊపిన తల అది.

మెట్లు దిగి గొడుగు నేరుగా రేవుకి నడిచింది. పడవ ఉంది. మళ్లీ టికెట్. మావగారు నావైపు చూశారు. నేను ధీమాగా చెప్పాను: "1890 దాకా ఈ ఊరికి బండి దారే లేదని బస్సులో చెప్పారు కదండీ, పడవలోనో కాలిబాటనో రావడమే. ఆ అనుభూతి కోసం ఎక్కిస్తున్నారు." ఆయన ఒప్పుకున్నారు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది.

"షికారుకి వీళ్లు సూట్‌కేసులెందుకు తెచ్చుకున్నారు?"

"కెమెరా సామాన్లయి ఉంటాయండీ."

పడవ కదిలింది. ఊరు మెల్లగా వెనక్కి జరిగి, సన్నటి చర్చి శిఖరంతో, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కిన ఇళ్లతో, పళ్ల డాక్టరుగారి గోడ మీది ఫొటోలోకి వెళ్లి కూర్చుంది. ఒడ్డున ఎవరెవరో ఫొటోలు తీసుకుంటున్నారు. మావగారు హుషారుగా చెయ్యూపారు. లోతు 125 మీటర్లని నేను చెబితే, "మీటర్లే? అడుగులు కాదూ?" అని రెండుసార్లు అడిగి, ఆ లెక్కతో మనసులోనే ఆనకట్ట కట్టుకుంటూ కూర్చున్నారు.

అవతలి ఒడ్డున దిగాం. పైకి చిన్న దారి. గొడుగు ఎక్కింది, మేమూ ఎక్కాం. పైన ఒక ప్లాట్‌ఫాం, రెండు పట్టాలు, వాటి వెనక అడవి. ఇంకేం లేదు. హాల్‌స్టాట్ ఊరు ఒక ఒడ్డున, హాల్‌స్టాట్ స్టేషను రెండో ఒడ్డున. 1877లో రైలొచ్చినప్పటి నుంచీ అంతే. ఇది నాకు తర్వాత తెలిసింది. చాలా విషయాలు నాకు ఆ రోజు తర్వాతే తెలిశాయి.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"స్టేషన్‌లో."

అటువైపు ఊపిరి ఆగింది. "పోలీస్ స్టేషన్‌లోనా! నాన్న ఏం చేశారు?"

ఆయన ఏమీ చెయ్యలేదనీ, ఇది రైళ్ల స్టేషననీ, మేం గైడమ్మతోనే ఉన్నామనీ చెప్పాను. గైడమ్మ తన పక్కనే నిలబడి ఉందని మా ఆవిడ చెప్పింది. మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

"మరి ఎర్ర గొడుగు?"

"గొడుగు ఎర్రది కాదండీ, దాని తొడుగు ఎర్రది. వాన మొదలవగానే తొడుగు లాగి బ్యాగులో పడేసింది. లోపలి గొడుగు నీలం."

ఇంతసేపూ మేం నమ్ముకున్నది గొడుగుని కాదు, తొడుగుని. ఈ ముక్క మావగారికి చెబుతుండగానే అటు నుంచి ఒక రైలొచ్చింది, దిగినవాళ్లు గబగబా కిందికి వెళ్లారు, వాళ్లని ఎక్కించుకుని పడవ వెళ్లిపోయింది. మళ్లీ పడవ ఎప్పుడంటే, మళ్లీ రైలొచ్చినప్పుడు. బస్సుకింక ముప్పావుగంట. నీళ్ల మీద వెళ్లిపోతున్న పడవని చూస్తూ మావగారు, "ఒక వంతెన కట్టుకోలేరూ వీళ్లు" అన్నారు.

గైడమ్మ ఫోన్ అందుకుంది. గొంతులో కంగారే లేదు, రోజుకి ఇద్దర్ని పోగొట్టుకోవడం ఆవిడకి మామూలే కాబోలు. ఇప్పుడొచ్చే రైలు బాడ్ ఇషల్ వెళ్తుంది, ఎక్కేయండి, మా బస్సు తిరిగి ఆ దారినే వస్తుంది, స్టేషన్ ముందు నిలబడండి, కదలకండి. "కదలకండి" అన్న మాట ఒత్తి పలికింది. ఫోన్లోనే టికెట్లు కొన్నాను. రోజులో నేను పొరపాటు లేకుండా చేసిన పని అదొక్కటే.

రైలెక్కి కూర్చుంటే ఎదురు సీట్లో ఎర్ర గొడుగు. దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుని ఆవిడ, పక్కన వాళ్లాయన. ఆయన నన్ను గంట నుంచీ అదోలా చూస్తున్నాడని అప్పుడు అర్థమైంది. ఆవిడ ఇంగ్లీషు కూడబలుక్కుని అడిగింది, "మీరు మా వెనకే ఎందుకొస్తున్నారు?"

ఆవిడ వైపు నుంచి ఆలోచించాను. చుట్టాలతో సరదాగా ఊరు చూడ్డానికి వచ్చారు. ఎక్కడి నుంచో తడిసిన మనుషులు ఇద్దరు పరిగెత్తుకొచ్చి చేరారు. పుర్రెల గదికి వెళ్తే పుర్రెల గదికి వచ్చారు. తను చుట్టాలకి ఏదో చెప్పుకుంటుంటే దగ్గరగా నిలబడి తలలూపారు. పడవెక్కితే పడవెక్కారు. ఇప్పుడు రైల్లో ఎదురుగా కూర్చున్నారు. పోలీస్ స్టేషన్ గురించి మా ఆవిడ భయపడటంలో తప్పేం లేదు.

సంగతంతా చెప్పాను. ఆవిడ జర్మన్‌లోకి మార్చి తనవాళ్లకి చెప్పింది. ముందు వాళ్లాయన నవ్వాడు, తర్వాత పెట్టె మొత్తం నవ్వింది. మావగారు లేచి ఆవిడకి నమస్కారం పెట్టి, "గైడింగ్ చాలా బాగుందని చెప్పండి, అల్లుడుగారూ" అన్నారు. చెప్పాను.

బాడ్ ఇషల్ స్టేషన్ ముందు ముప్పావుగంట కదలకుండా నిలబడ్డాం. చక్రవర్తి విల్లా చూసొద్దామా అన్నాను. మావగారు నా మాటకి జవాబు కూడా ఇవ్వలేదు.

బస్సొచ్చింది. గైడమ్మ మెట్ల మీద నిలబడి నీలం గొడుగు ఊపింది. లోపల అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల మొహాలు నేను చూడటం అదే మొదటిసారి. మా ఆవిడ ఒళ్లో రెండు ఉప్పు డబ్బాలు. కోపంగా ఉందనుకున్నాను గానీ, ఫోన్లో ఏదో ఫొటో పెద్దది చేసి చూస్తోంది. సరస్సు, వాన తెర, మధ్యలో చిన్న పడవ, పడవ చివర ఎర్రచుక్క.

"ఎంత బాగుందో అని తీశానండీ. అక్కయ్యకి పంపాను కూడా" అంది. తర్వాత వేళ్లతో ఇంకాస్త పెద్దది చేసి, ఎర్రచుక్క పక్కన చెయ్యూపుతున్న ఆకారాన్ని చూపించి, వెనక సీటుకి తిరిగి అడిగింది.

"నాన్నా, ఇది మీరేనా?"