గడ్డానికీ గగనానికీ ముడి

విమాన ప్రయాణానికి ఏమేం పత్రాలు కావాలని ఎవరినడిగినా పాస్‌పోర్టు, వీసా, టికెట్ అని మూడు వేళ్లు మడుస్తారు. అసలుదాన్ని అందరూ మర్చిపోతారు. ముఖం. పాస్‌పోర్టులో అచ్చయిన ముఖానికీ, కౌంటర్ ముందు నిలబడ్డ ముఖానికీ కనీసం దూరపు చుట్టరికమైనా కనిపించకపోతే అద్దం వెనక కూర్చున్న అధికారి కనుబొమలు పైకి లేస్తాయి. ఆ చుట్టరికాన్ని కాపాడుతున్నవి ట్రిమ్మరు, షేవరు, స్ట్రెయిటెనరు వగైరా. కాబట్టి వీటినీ ప్రయాణ పత్రాలుగానే గుర్తించాలని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రతిపాదిస్తున్నాడు. ప్రభుత్వాలు ఒప్పుకోవడానికి టైం పట్టొచ్చు. ప్రయాణికులు మాత్రం ఎప్పుడో ఒప్పేసుకున్నారు. నమ్మకం లేకపోతే ఎవరి బ్యాగైనా తెరిచి చూడండి.

ఒకప్పుడు ముఖమంతటికీ ఒకే కత్తి. ఇప్పుడు అధికార వికేంద్రీకరణ జరిగింది. గడ్డానికి ఒక యంత్రం. ముక్కుకూ చెవికీ కలిపి ఉమ్మడి శాఖ. కనుబొమలకు స్వయంప్రతిపత్తి. మెడ నుంచి కిందికి ఉన్న భూభాగమంతా బాడీ గ్రూమర్ పరిధి. గడ్డం ట్రిమ్మర్ ఆ సరిహద్దు దాటినట్టు ఇంట్లో ఎవరైనా చూశారో, దాన్ని మళ్లీ ముఖానికి తాకనివ్వరు. జుట్టుకు డ్రయరు, ఆరిన జుట్టు వంకర తీయడానికి స్ట్రెయిటెనరు, తీసిన వంకర మళ్లీ పెట్టడానికి కర్లరు. ప్రతి శాఖకూ సొంత ఛార్జర్. ఒకదాని పిన్ను ఇంకోదానిలో దూరదు. దూరితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఛార్జ్ మాత్రం ఎక్కదు. ఒకే కంపెనీ, ఒకే ఏడాదిలో చేసిన రెండు యంత్రాలకు రెండు రకాల తీగలు ఎందుకిచ్చిందో ఆ కంపెనీలో తీగలు తయారుచేసే శాఖకే తెలియాలి.

ట్రిమ్మర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ దువ్వెనలది వేరే కథ. మూడు మిల్లీమీటర్లది, అయిదుది, ఏడుది, తొమ్మిదిది, ఇంకా ఎందుకో తెలియని ఏటవాలు ముక్క ఒకటి. మనిషి జీవితమంతా వాడేది మూడుది ఒక్కటే. ప్రయాణంలో మాత్రం అన్నీ వస్తాయి, ఆ మూడుది ఇంట్లో అద్దం పక్కనే ఉండిపోతుంది. దిగిన ఊళ్లో, హోటల్ బాత్‌రూమ్‌లో, మీటింగ్‌కు ముప్పావుగంట ముందు ఆ విషయం తెలుస్తుంది. దువ్వెన లేకుండా జాగ్రత్తగా పైపైన లాగితే సరిపోతుందని నమ్మినవాళ్ల కుడి చెంప మీద బొటనవేలంత నున్నటి మైదానం ఏర్పడుతుంది. ఎడమ చెంపను దానికి సరిచేయబోతారు, తర్వాత మళ్లీ కుడిదాన్ని. తల గొరిగించుకున్నాక తిథి నక్షత్రాలు చూసినట్టు, అప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఆ ముక్క ఎక్కడుందో అడుగుతారు.

ఈ గొడవంతా ఎక్కడ మొదలైందో చరిత్రలో చూద్దాం. అమెరికన్ సైన్యంలో పనిచేసిన జేకబ్ షిక్ అనే ఆయన ఎలక్ట్రిక్ రేజర్‌కు 1930లో పేటెంట్ తెచ్చుకుని, మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టాడు. దానికి తీగ ఉండేది. తీగ ఉన్న యంత్రం బుద్ధిమంతురాలు. గోడకు తగిలిస్తేనే తిరుగుతుంది, బ్యాగులో పెడితే ఇనపముక్క. 1991లో లిథియం అయాన్ బ్యాటరీ బజారులోకి వచ్చింది. దాన్ని సాధ్యం చేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. ఇంతటి ఘనమైన రసాయనశాస్త్రాన్ని మనం చివరికి ముక్కుపుటాల్లోకి ఎక్కించాం. దానివల్ల యంత్రానికి పూర్తి స్వాతంత్య్రం వచ్చింది. గోడ అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు, దానంతట అదే తిరగగలదు. బ్యాగులోనైనా సరే.

బ్యాగులో తిరగడమంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూడాలి. చొక్కాల మధ్య నిలువుగా దోపిన ట్రిమ్మర్ మీద జారుడు స్విచ్ ఉంటుంది. దాని పక్కన షూ. ఎవరో బ్యాగును బెల్టు మీదికి విసిరారు, షూ మడమ స్విచ్‌ను అర అంగుళం పైకి తోసింది. గుర్ర్‌మని మొదలైంది. సూట్‌కేసు గట్టి ప్లాస్టిక్‌ది కావడంతో శబ్దం నాలుగింతలైంది. సామాన్లు మోసే కుర్రాడు చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. ఇంకొకర్ని పిలిచాడు. ఇద్దరూ చెవి ఆనించి విన్నారు, మూడో మనిషిని పిలిచారు. కాసేపటికి ప్రయాణికుడి పేరు మైకులో మూడు రకాల ఉచ్చారణలతో వినబడింది. ఆయన పరుగున వచ్చి, అందరి ముందూ జిప్ తీసి, మడతపెట్టిన బనియన్ల అడుగు నుంచి చెవి వెంట్రుకల యంత్రాన్ని బయటికి తీశాడు. అది ఆయన చేతిలో కూడా కాసేపు తిరిగింది. అధికారి ముఖంలో అనుమానం పోయింది. దాని స్థానంలో జాలి వచ్చింది. అనుమానంగా చూసినా బాగుండేదని ఆయనకు అనిపించే ఉంటుంది.

దీనికి మందు లేదా అంటే, ఉంది. ట్రావెల్ లాక్. చాలా యంత్రాల్లో బటన్‌ను మూడు సెకన్లు అదిమి పడితే తాళం గుర్తు వెలిగి ఆరిపోతుంది. ఇక షూ ఎంత తన్నినా అది లేవదు. విప్పడానికి మళ్లీ మూడు సెకన్లు. ఇంత చక్కటి సౌకర్యాన్ని కంపెనీవాళ్లు మాన్యువల్‌లో ఇరవై భాషల వెనక, చిన్న అక్షరాల్లో దాచిపెట్టారు. అందువల్ల లోకంలో రెండే రకాల యజమానులున్నారు. తాళం ఉందని తెలియనివాళ్లు, తెలియకుండానే తాళం వేసేసి యంత్రం చచ్చిపోయిందని కొత్తది కొన్నవాళ్లు. రెండో రకం వాళ్ల వల్లే ఈ వ్యాపారం వర్ధిల్లుతోందని నా గట్టి అనుమానం.

ఇక చట్టం. ఎలక్ట్రిక్ షేవర్‌ను విమానంలోకి రానిస్తారా అన్న ప్రశ్న ప్రయాణికులను పట్టి పీడిస్తుంది. రానిస్తారు. చేతి బ్యాగులోనూ రానిస్తారు, చెకిన్ బ్యాగులోనూ రానిస్తారు. బ్యాటరీ ఉన్న వస్తువు చేతిలో ఉండటమే మేలంటారు. చెకిన్‌లో వేస్తే పూర్తిగా ఆపెయ్యాలి, పొరపాటున ఆన్ అవ్వకుండా చూసుకోవాలి. స్టాండ్‌బైలో ఉంచితే కుదరదు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్‌అవర్లు దాటకూడదు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి.

ఇక్కడ భయస్తుడు కాగితం, పెన్ను తీసుకుంటాడు. తీసుకోనివ్వండి. గడ్డం ట్రిమ్మర్‌లో సాధారణంగా ఉండేది 3.7 వోల్టుల సెల్లు. 2000 మిల్లీఆంపియర్ అవర్లది, అంటే రెండు ఆంపియర్ అవర్లది అనుకుందాం, గడ్డానికి అంతకంటే ఎక్కువ దేనికి? వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే 7.4 వాట్‌అవర్లు. అలాంటివి పదమూడు కలిపి మూటకట్టినా వంద దాటవు. పదమూడు గడ్డాలున్న ప్రయాణికుడైనా నిర్భయంగా ఎగరొచ్చన్నమాట.

ఆ లెక్క చేసిన పెద్దమనిషే 20,000 మిల్లీఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకును, అంటే 74 వాట్‌అవర్లను, తువ్వాలులో చుట్టి చెకిన్ సూట్‌కేసు అడుగున వేస్తాడు. బరువుగా ఉంది కదా, చేతిలో ఎందుకని. ట్రిమ్మర్‌ను మాత్రం రెండు చేతులా పట్టుకుని సెక్యూరిటీ దగ్గర "సార్, ఇది ఓకేనా" అని అడుగుతాడు. ఏది ఎక్కడ పెట్టకూడదో సరిగ్గా అది అక్కడ పెట్టి, ఏది ఎక్కడైనా పెట్టొచ్చో దానికోసం టెన్షన్ పడటం అందరికీ అబ్బే విద్య కాదు. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో వెయ్యకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. విడి సెల్లుల కొసలకు టేపు అతికించాలి, లేదా విడివిడి కవర్లలో పెట్టాలి. తాళంచెవుల గుత్తితో కలిపి ఒకే జేబులో వేస్తే ఆ పరిచయం వేడెక్కుతుంది.

ఈ నియమం వెనక తర్కం చూస్తే ముచ్చటేస్తుంది. లిథియం సెల్లు దెబ్బతింటే లోపల్లోపలే వేడి పుట్టి, ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుంది, పక్క సెల్లుకూ అంటిస్తుంది. సామాన్ల అరలో మంటలార్పడానికి హాలాన్ వాయువు ఉంటుంది. అది పైకి కనబడే మంటను అణుస్తుంది కానీ సెల్లు లోపలి రగులును ఆపలేదు. పైన, మనుషుల మధ్య అయితే పొగ రాగానే ఎవరో ఒకరు అరుస్తారు, సిబ్బంది వచ్చి మంటార్పి, నీళ్లు పోసి చల్లారుస్తారు. అంటే చట్టం ఉద్దేశం ఏమిటి? మంట పుట్టాల్సి వస్తే నీ కాళ్ల దగ్గరే పుట్టాలి, నలుగురూ చూస్తుండగా పుట్టాలి. వినడానికి ఎలా ఉన్నా, ఎయిర్‌పోర్టుల్లో పాటించే నియమాల్లో నాకు పూర్తిగా అర్థమైనవి కొన్నే, అందులో ఇదొకటి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరకముందే నేల మీద కాలిపోయింది. లోపలివాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఏడాది మార్చి నుంచి అక్కడి విమానాల్లో పవర్ బ్యాంకును తల మీది అరలో పెట్టనివ్వడం లేదు, కళ్లెదుటే ఉంచుకోవాలి. చంటిపిల్లలకు కూడా ఇంత కచ్చితమైన నియమం లేదు.

తీగల్లేని కర్లర్లలో గ్యాసుతో నడిచేవి కొన్నున్నాయి. మనిషికి ఒకటి చాలు, కాలే భాగానికి మూత బిగించి ఉండాలి, విడి గ్యాసు డబ్బాలు తేకూడదు. ట్రిమ్మర్‌తో ఇచ్చే చిటికెన వేలంత నూనె సీసా ఏ పరీక్షలోనైనా నెగ్గుతుంది. కాకపోతే పైకి వెళ్లాక మూత వదులై తెల్లచొక్కాను వెతుక్కుంటూ పోతుంది. అదే 200 మిల్లీలీటర్ల షేవింగ్ జెల్ డబ్బాలో అడుగున ఇంతే మిగిలిందని ఎంత మొత్తుకున్నా చాలా ఎయిర్‌పోర్టుల్లో చేతి బ్యాగులో సాగదు. ఎంత మిగిలిందన్నది కాదు, డబ్బా ఎంతది అన్నదే చూస్తారు. విడి బ్లేడ్లకూ చేతి బ్యాగులో చోటు లేదు.

చెకింగులన్నీ దాటి దిగాక వోల్టేజీ ఎదురొస్తుంది. జపాన్‌లో 100, అమెరికాలో 120, యూరప్‌లో 230. ఫోన్‌లాగే ట్రిమ్మర్ ఛార్జర్లు చాలావరకు 100 నుంచి 240 దాకా దేనికైనా సర్దుకుంటాయి, వాటి మీద ఆ సంఖ్యలు అచ్చేసి ఉంటాయి కూడా. డ్రయర్‌కు అంత సర్దుబాటు గుణం లేదు. 230 వోల్టుల డ్రయర్‌ను సగం వోల్టేజీకి తగిలిస్తే వేడి సగం కాదు, పావు వంతు అవుతుంది. ముసలి పెద్దాయన నిట్టూర్చినట్టు ఊదుతుంది. 120 వోల్టులదాన్ని 230కి తగిలిస్తే వేడి దాదాపు నాలుగింతలు. జుట్టు ఆరిందో లేదో తేలేలోపు డ్రయర్ ఆరిపోతుంది, ఒక్కోసారి దాంతో పాటు ఆ గది కరెంటూ పోతుంది. "అడాప్టర్ పెట్టాను కదా" అంటారు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఇక కొన్ని హోటల్ బాత్‌రూముల్లో "షేవర్లకు మాత్రమే" అని రాసిన సాకెట్ ఉంటుంది. దాని వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఇరవయ్యో యాభయ్యో వాట్ల పనికి తప్ప దానికి శక్తి చాలదు. రెండువేల వాట్ల డ్రయర్‌ను దాని దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఆ అక్షరాలను సలహాగా భావిస్తారు.

ఇన్నింటికీ సిద్ధపడ్డవాడిని కూడా పడగొట్టే చోటు ఒకటుంది, గేటు. పై అరలు నిండిపోయాయి, చేతి బ్యాగు కిందికి పంపిస్తామంటారు. అప్పుడు అందులోని పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు అక్కడికక్కడే బయటికి తియ్యాలి. వెనక క్యూ, ముందు నవ్వు ముఖంతో నిలబడ్డ సిబ్బంది, మధ్యలో మోకాళ్ల మీద మన ప్రయాణికుడు. పవర్ బ్యాంకు కోసం చెయ్యి పెడితే ముందు ముక్కు ట్రిమ్మర్ వస్తుంది, తర్వాత కనుబొమలది, తర్వాత ఏడు మిల్లీమీటర్ల దువ్వెన. వెనకున్న పిల్లాడు ఒక్కో వస్తువుకూ "అదేంటి?" అని వాళ్ల నాన్నను అడుగుతున్నాడు. నాన్న జవాబు చెప్పడం లేదు, తన బ్యాగు జిప్ సరిగా పడిందో లేదో చూసుకుంటున్నాడు.

ఇంత శ్రమకు ప్రత్యామ్నాయం ఎవరికీ తోచలేదనుకోవద్దు. బ్యాగు సర్దేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఆ మాట వస్తుంది.

"ఏమండీ, అక్కడ సెలూన్లు ఉండవా?"

"ఎందుకుండవూ. కానీ నా నంబరు వాళ్లకెలా తెలుస్తుంది?"

"నంబరేంటి?"

"మూడు."

"చెప్తే సరిపోదూ?"

ఆయన చాలాసేపు ఆలోచించి, ట్రిమ్మర్ పక్కన అయిదుది, ఏడుది, తొమ్మిదిది సర్ది, జిప్ లాగాడు.