దాపరికం లేని పేజీ

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా పేజీ పెడుతుంది. ఒక్క పేరు చూపించడానికి బ్రౌజర్ వస్తే, కస్టమర్ల టేబుల్ మొత్తం ఒళ్లో పోసి పంపిస్తుంది. ఇంతటి దానగుణాన్ని ఈమధ్య చేరిన కుర్రకారు 'డేటా లీక్' అంటున్నారు. వాళ్ల కళ్లు తెరిపించడం సీనియర్‌గా నా ధర్మం.

మా పేజీని తయారుచేసే పీహెచ్‌పీ అనే భాష కోడ్ సర్వర్‌లో నడిచి అక్కడే కన్ను మూస్తుంది. పేజీ బ్రౌజర్‌కు చేరాకగానీ అక్కడ నడిచే భాష జావాస్క్రిప్ట్ కళ్లు తెరవదు. తండ్రి పోయాక పుట్టిన బిడ్డన్నమాట. చెప్పదలుచుకున్నదంతా ఆ తండ్రి వీలునామాగా పేజీలోనే రాసి పోవాలి. కాదంటే బిడ్డే సర్వర్‌కు కబురంపి అడగాలి. ఈ కబుర్లకు 1999లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో దారి వేసింది. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ దానికి 'అజాక్స్' అని పేరు పెట్టాడు. నాకు కబుర్లు పడవు. నాది వీలునామా వర్గం.

రాయడమూ తేలికే. స్క్రిప్ట్‌లో ఒక వేరియబుల్, ఈజ్ ఈక్వల్ టు, సింగిల్ కోట్, మధ్యలో పీహెచ్‌పీ విలువను పేజీలో అచ్చేసే ఎకో, మళ్లీ సింగిల్ కోట్. ఓ'బ్రయన్ అనే ఇంటిపేరున్న ఒకాయన ఖాతా తెరిచేదాకా దివ్యంగా నడిచింది. స్క్రిప్ట్ 'ఓ' దగ్గరే మాట అయిపోయిందనుకుంది. మిగతా 'బ్రయన్' ఎవరో తెలియక అక్కడే కూలబడింది. పేజీ తెల్లబోయింది. మీటింగ్ పెట్టి, తప్పు ఆయన పూర్వీకులదని తేల్చి, పేర్లలో కోట్ గుర్తులు నిషేధించాం.

ఒక కుర్రాడు ఊరుకోక, "డేటాను జావాస్క్రిప్ట్ చదవగలిగే జేసన్ రూపంలోకి మార్చే జేసన్ ఎన్‌కోడ్ అని ఒక ఫంక్షన్ 2006 నుంచీ పీహెచ్‌పీలోనే ఉంది కదండీ" అన్నాడు. ఉంటే వాడాలా? డాక్యుమెంటేషన్ కూడా ఉంది, చదివామా? సరే, పిల్లాడి ముచ్చట కాదనలేక పెట్టించాను. అది ప్రతి స్లాష్ ముందూ ఒక బ్యాక్‌స్లాష్ తగిలించేది. లింకులన్నీ అసహ్యంగా తయారయ్యాయి. అలా తగిలించొద్దని చెప్పే ఆప్షనూ అందులోనే ఉంటే, అందం కోసం పెట్టాను.

వారం తిరగలేదు. ఎవరో మహానుభావుడు తన రివ్యూలో స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ రాసి, కింద సొంత స్క్రిప్ట్ అతికించాడు. హెచ్‌టీఎంఎల్ చదివే యంత్రానికి జావాస్క్రిప్ట్ రాదు. కోట్ గుర్తుల మధ్యన ఉన్నా సరే, ముగింపు ట్యాగ్ కంటబడితే స్క్రిప్ట్ ముగిసినట్టే దాని లెక్క. ముగింపు ట్యాగ్‌లోనూ ఒక స్లాష్ ఉంటుంది; దాని ముందు నిలబడి ఆ అసహ్యమైన బ్యాక్‌స్లాషే అన్నాళ్లూ కాపలా కాసిందట, ఎవరికి తెలుసు? ఆయన కోడ్ మా పేజీ తెరిచిన ప్రతివాళ్ల బ్రౌజర్‌లోనూ పరుగెత్తింది. ఇలా పేజీలోకి పరాయి స్క్రిప్ట్ చొప్పించడాన్ని భద్రతవాళ్లు ఎక్స్‌ఎస్‌ఎస్ అంటారు. నేను ప్రజల భాగస్వామ్యం అంటాను.

ఇక నంబర్ల సంగతి. డేటాబేస్‌లో 9007199254740992 ఒక కస్టమర్, 9007199254740993 ఇంకో కస్టమర్. అంత పెద్ద సంఖ్యలను జావాస్క్రిప్ట్ కచ్చితంగా పట్టుకోలేదు; దాని చేతిలో పడేసరికి ఇద్దరికీ చివర 2 మిగిలింది. ద్వైతం అద్వైతమైపోయింది. ఐడీలను సంఖ్యలుగా కాక స్ట్రింగులుగా, అంటే అక్షరాల వరసగా, పంపితే సరిపోతుందని కుర్రాడు గొణిగాడు. ఆధ్యాత్మికత బొత్తిగా లేదు.

పోనీ కొత్త ఫ్రేమ్‌వర్కులవాళ్లు నాకంటే పొదుపా? సర్వర్‌లోనే పేజీ కట్టేసి, అదే డేటాను మళ్లీ జేసన్‌గా పేజీ అడుగున కుక్కుతారు. ఇల్లు కట్టిచ్చి, వాకిట్లో మళ్లీ అన్నే ఇటుకలు దింపినట్టు. దానికి 'హైడ్రేషన్' అని పేరు. నేను చేస్తే మాత్రం చాదస్తం.

చివరికి ఆడిట్‌వాళ్లు వచ్చారు. కంట్రోల్, యు నొక్కారు. పేజీ సోర్స్‌లో అందరి ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు వరసగా దర్శనమిచ్చాయి. టేబుల్‌లోని కాలమ్‌లన్నీ తెమ్మనే 'సెలెక్ట్ స్టార్' క్వెరీ మహిమ. కావలసిన రెండు కాలమ్‌లే తెమ్మని క్వెరీ మార్చడానికి పది నిమిషాలు చాలన్నారు. మేం తొందరపడలేదు. మూడు రోజులు కష్టపడి పేజీలో రైట్ క్లిక్ పనిచేయకుండా చేశాం. ఆ స్క్రిప్ట్ కూడా పేజీ సోర్స్‌లోనే ఉంది, 'టెంపరరీ, తర్వాత తీసేయాలి' అని నేను రాసుకున్న కామెంట్‌తో సహా.