తెలుగు మాస్టారు కాస్తా ‘తలగ మసటర’ అయిపోయారు

మా నాన్న రిటైరయ్యాక దివిసీమలోని మా ఊరి సంగతులు రాయడం మొదలుపెట్టారు. చెరువు, అమ్మవారి జాతర, కరెంటు వచ్చిన ఏడు, సరిహద్దు గట్ల తగాదాలు, బడి... అన్నీ ఒకే ఫైల్లో. 212 పేజీలు, 64 శీర్షికలు. రోజుకొకటి చొప్పున చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడదామనుకున్నాను. అంటే ఒక్కో శీర్షికా ఒక్కో ఫైలుగా విడిపోవాలి. ఎంతసేపు పని అనుకున్నాను. నా ఖర్మ.

అడిగినవాళ్లంతా చెప్పింది ఒకటే: కాపీ, పేస్ట్. పదకొండు అలాగే చేశాను కూడా. ఆ రాత్రే నాన్న అసలు ఫైల్లో జాతర భాగాన్ని దిద్దేశారు. ఇప్పుడు మాకు జాతరలు రెండు. అప్పట్నుంచి నా పట్టు ఒక్కటే: దిద్దుబాట్లన్నీ అసలు ఫైల్లోనే జరగాలి. ముక్కలు మిషనే కొయ్యాలి, పారేసి మళ్లీ కోసుకునేలా ఉండాలి. ముక్కలో ఒక్క కామా మార్చినా ఇక గోవిందా.

వర్డ్ లాంటిదే లిబ్రెఆఫీస్ రైటర్, ఉచితం. అందులో ఫైల్ మెనూలో సెండ్ కింద, అవుట్‌లైన్ లెవెల్‌ని, అంటే హెడ్డింగు స్థాయిని బట్టి డాక్యుమెంట్‌ని విడగొట్టే వీలుంది. నొక్కాను. ఏమీ విడిపోలేదు. ఎందుకంటే ఆ 64లో నిజమైన హెడ్డింగు ఒక్కటీ లేదు! అన్నీ బోల్డ్ చేసి, సైజు పెంచి, మధ్యకి జరిపిన మామూలు పేరాలు. మన కంటికి అది శీర్షికే, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం కాస్త లావుపాటి పేరా. నాన్నని ఏమీ అనను. నేను నేర్చుకున్న కంప్యూటర్ కోర్సులో బోల్డ్ మొదటి రోజే చెప్పారు, హెడ్డింగ్ స్టైల్ గురించి ఆఖరి రోజు కూడా చెప్పలేదు. కూర్చుని 64 చోట్లా హెడ్డింగ్ స్టైల్ పెట్టే కంట్రోల్ 1 నొక్కాను. ఈసారి విడిపోయాయి. కానీ పేర్లు? సేవ్ చేసేటప్పుడు నేనిచ్చిన పేరు, చివర ఓ అంకె. జాతర ఏ అంకెలో ఉందో తెరిచి చూసుకోవాల్సిందే.

శీర్షికనే ఫైలు పేరు చేద్దామని మా మేనల్లుడు పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాడు. ‘తెలుగు మాస్టారు’ అన్న భాగం ‘తలగ మసటర’ అనే ఫైలుగా బయటికొచ్చింది. వాడి తప్పు కాదు. అక్షరాలూ అంకెలూ తప్ప మిగతావి తీసెయ్యమని చెప్పడానికి అందరూ వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) అనే గుర్తునే వాడాడు. పైథాన్‌తో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (అక్షరాల్ని వెతికి ఏరే సూత్రాల) లెక్కలో మన గుడులు, కొమ్ములు, పొల్లు, ఆఖరికి సున్నా కూడా అక్షరాలు కావు. గుణింతం లేని తెలుగేం తెలుగండీ? ఇది చాలదన్నట్టు, లినక్స్‌లో ఫైలు పేరుకి మామూలుగా 255 బైట్ల హద్దు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ‘శ్రీ’ ఒక్కటే 12. నాన్న శీర్షికలేమో పెళ్లిపత్రికల్లా ఉంటాయి. పోనీ ఏమీ తీసెయ్యకుండా శీర్షికని ఉన్నదున్నట్టే పెడదామంటే, తేదీల మధ్య ఏటవాలు గీత (/) ఉన్నచోట దాన్ని ఫోల్డర్ అనుకుని ప్రోగ్రామ్ ఆగిపోయేది.

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో నోట్సు రాసుకోవడానికి ఉండే ఆర్గ్ మోడ్‌లో దీనికి మంచి పద్ధతి ఉంది. ఎక్స్‌పోర్ట్ అయ్యే ఫైలు పేరేమిటో ఆ హెడ్డింగ్ కిందే రాసిపెట్టుకోవచ్చు. శీర్షిక చదివేవాళ్లకి, ఫైలు పేరు మనకి. రెండూ ఒకటే ఎందుకవ్వాలి? మిగతా సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్లకి ఈ చిన్న విషయం ఎందుకు తట్టదో నాకర్థం కాదు. నేనూ అదే పద్ధతి కాపీ కొట్టాను. ప్రతి శీర్షిక కిందా ఒక పొట్టి పేరు, ముందు ఒక నంబరు. ఒకటి తర్వాత పది వచ్చి కూర్చోకుండా 010, 020, 030 అని పదేసి చొప్పున ఇచ్చాను. మధ్యలో ఏదైనా చేరితే మిగతావాటి పేర్లు మారకూడదు కదా.

“అంత ఖాళీ దేనికిరా?” అన్నారు నాన్న.

నిన్న ఆయనే అడిగారు, కరెంటుకీ బడికీ మధ్య ఒకటి పెట్టడానికి వీలవుతుందా అని. 1977 నవంబరు 19, ఉప్పెన. ఇన్నేళ్లూ రాయబుద్ధి కాలేదట. 075 అని పెట్టాను.