డ్రోన్ ఎగిరితే చాలు, హైదరాబాద్ అర్థమైపోతుంది

హైదరాబాద్ మిశ్రమ సంస్కృతి మీద డాక్యుమెంటరీ తీయడానికి ఇప్పుడు పెద్దగా కష్టపడనక్కర్లేదు. తెల్లవారుజామున చార్మినార్ మీద డ్రోన్ ఎగరాలి. తెర మీద 1591 అని పడాలి. వెనక సారంగి ఏడవాలి. తర్వాత ఇరానీ చాయ్‌ని స్లో మోషన్‌లో సాసర్‌లోకి వంపాలి. అది చల్లారేలోపు 400 ఏళ్ల చరిత్ర అయిపోవాలి. అప్పుడో బొంగురు గొంతు ‘గంగా జమునీ తెహజీబ్’ అంటుంది, అంటే గంగా యమునల్లా కలిసిపోయిన హిందూ ముస్లిం సంస్కృతి అని. ఊళ్లో గంగా లేదు, యమునా లేదు. ఉన్నది మూసీ. అది ఫ్రేమ్‌లో పడకుండా కెమెరామన్ చూసుకుంటాడు. వాసన ఎలాగూ రికార్డు కాదు గానీ, జాగ్రత్త మంచిదే.

ఇందుకు దర్శకుల్ని ఆడిపోసుకునేవాళ్లంటే నాకు గిట్టదు. పాపం, మూసారాంబాగ్‌ను పట్టుకుని వాళ్లేం చేస్తారు? నిజాం సైన్యాధికారి, ఫ్రెంచివాడు రేమండ్ 1798లో పోయాడు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఆ పేరు మీద ఓ పేటే ఉంది. కానీ ఆయన బిర్యానీ వండినట్టు ఆధారాల్లేవు. మరి క్లోజప్ దేనికి పెట్టాలి?

ఏసీ గార్డ్స్ సంగతీ అంతే. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే సిద్దీల గుర్రపు దళం, ఉన్న చోటది. వాళ్లూ, పాతబస్తీ దగ్గరి బార్కస్ పేట అరబ్బులూ నేర్పిన మర్ఫా డప్పుల మోతకు నగరం ఇప్పటికీ బారాతుల్లో గంతులేస్తోంది. అంత మోతలో సారంగి వినపడదు. కట్.

ఇక తెలుగు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని నోరారా పొగిడారు. పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో తొలి కావ్యం ‘యయాతి చరిత్ర’ రాసి, అదే కుతుబ్ షా కొలువులోని పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. తత్సమం, అంటే సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాట, ఒక్కటీ దొర్లకుండా పద్యాలు కట్టి, తీసుకెళ్లి ఖాన్‌గారి చేతిలో పెట్టాడు! ఇది చూపించాలంటే ఒక్క పద్యమైనా వినిపించాలి. అంత తెలుగు ప్రేక్షకుడు తట్టుకోలేడు. అయినా సినిమాలో తెలుగు ఉంది కదా, యూనిట్ డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటాడు.

చివర్లో ఎవరో ఒకరి చేత ‘ఇక్కడ అందరం కలిసే ఉంటాం’ అనిపించడం ఆనవాయితీ. ఆ మాట వీధిలో తీస్తుంటే మాత్రం వెనక గోడ మీద ఓ కన్నేసి ఉంచాలి. ‘టూలెట్, వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న బోర్డు పడిందో, మళ్లీ టేక్. సరదాకి కూడా ఆ నంబరుకు ఫోన్ చేయకూడదు. అద్దె ఎంతో చెప్పకముందే పేరు అడుగుతారు. పేరు విన్నాక, ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటారు.