ఇంట్లో డయాలసిస్ చేసుకోవచ్చని రోగికి ముందే చెప్పాలి

మూత్రపిండాలు పూర్తిగా విఫలమయ్యే దశకు వచ్చిన మనిషికి డయాలసిస్ తప్పదని చెప్పేటప్పుడు, ఆ చికిత్సను ఇంట్లోనే చేసుకునే మార్గం ఉందన్న సంగతిని చాలామంది డాక్టర్లు ప్రస్తావించరు. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటల చొప్పున ఆసుపత్రికి రావాలని చెప్పి ఊరుకుంటారు. మా అక్కకూ అంతే చెప్పారు. మూత్రపిండాల పనితీరు తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ అనే వ్యర్థం ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ వచ్చింది కనుక ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి ఉండింది. ఆ వ్యవధిలో ఒక్కసారైనా ఎవరూ కూర్చోబెట్టి వివరించలేదు. రెండో మార్గం గురించి మాకు తెలిసింది పక్క మంచం మీది రోగి బంధువుల నోటి నుంచి. ఇంటి డయాలసిస్ ఎవరికి పనికిరాదో తేల్చవలసింది డాక్టరే, అందులో సందేహం లేదు. పనికివచ్చే మనిషికి మాత్రం ఆ మాట చెవిన పడకుండానే నిర్ణయం జరిగిపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని ప్రవేశపెట్టిన తర్వాతే ఒకే రోగికి ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం సాధ్యమైంది. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ కావడంతో చికిత్స ఎవరికి ఇవ్వాలో ఎంపిక చేయడానికి అక్కడ ఒక కమిటీ కూర్చునేది. ఆ కమిటీ తిరస్కరించిన ఒక విద్యార్థిని కోసం ఇంజనీరు ఆల్బర్ట్ బాబ్ బృందం ఇంట్లో వాడదగిన యంత్రాన్ని తయారు చేసింది. 1964లో ఆ అమ్మాయి ఇంట్లోనే డయాలసిస్ మొదలుపెట్టింది. ఇంచుమించు అదే కాలంలో బోస్టన్, లండన్ నగరాల్లోనూ రోగులు ఇళ్లలో యంత్రాలు నడుపుకున్నారు. 1968లో హెన్రీ టెంకాఫ్ రూపొందించిన, కడుపులోకి అమర్చే మెత్తని గొట్టం (క్యాథెటర్), 1976లో పాపోవిచ్, మోంక్రీఫ్ ప్రతిపాదించిన, కడుపులోని పొరతోనే రక్తాన్ని వడకట్టే నిరంతర పెరిటోనియల్ డయాలసిస్ వచ్చాక యంత్రం కూడా అక్కర్లేకుండా పోయింది. హాంకాంగ్‌లోనైతే ప్రభుత్వ ఆసుపత్రులు 1985 నుంచి అర్హులైన రోగులకు పెరిటోనియల్ డయాలసిస్‌నే మొదట ఇస్తున్నాయి. ఇంత చరిత్ర ఉన్న చికిత్సను రోగి యాదృచ్ఛికంగా తెలుసుకోవలసి రావడం ఏమిటి?

పెరిటోనియల్ డయాలసిస్‌లో రక్తం శరీరం దాటి బయటికి రాదు. కడుపులోని అవయవాలను కప్పి ఉండే పలుచని పొరే వడపోత పని చేస్తుంది. క్యాథెటర్ ద్వారా సుమారు రెండు లీటర్ల ద్రవాన్ని లోపలికి పంపి నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచితే, రక్తంలోని వ్యర్థాలు ఆ పొర గుండా ద్రవంలోకి చేరతాయి. ద్రవంలో కలిపిన గ్లూకోజ్ ఒంట్లోని అదనపు నీటిని లాగుతుంది. తర్వాత దానిని బయటికి వదిలి కొత్త బ్యాగు ఎక్కించాలి. చేత్తో చేసుకునేవారు సాధారణంగా రోజుకు నాలుగుసార్లు మారుస్తారు, ఒక్కో మార్పిడికి అరగంట దాకా పడుతుంది. సైక్లర్ అనే చిన్న యంత్రం ఉంటే రాత్రి నిద్రలోనే ఆ పని జరిగిపోతుంది. రక్తాన్ని యంత్రంలోకి పంపి శుద్ధి చేసే హిమోడయాలసిస్‌ను కూడా ఇంట్లో చేసుకోవచ్చు గానీ, దానికి సూదులు గుచ్చడం నేర్చుకోవాలి, సాధారణ యంత్రమైతే నీటి శుద్ధి ఏర్పాటు కావాలి, వారాల తరబడి శిక్షణ అవసరం.

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు వారంలోని 168 గంటలూ పనిచేస్తాయి. ఆసుపత్రి డయాలసిస్ ఆ పనిని 12 గంటల్లో ముగించాలని చూస్తుంది. రెండు రోజుల విరామంలో పేరుకున్న నీటిని ఒక్క పూటలో లాగేసినప్పుడు రక్తపోటు పడిపోవడం, కండరాలు పట్టేయడం, ఆ రోజంతా లేవలేని నీరసం ఎలా ఉంటాయో చూసినవారికి తెలుసు. ఆ రెండు రోజుల విరామం తర్వాతి రోజున మరణాలు, ఆసుపత్రి చేరికలు ఎక్కువగా ఉంటున్నాయని 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. పెరిటోనియల్ డయాలసిస్ రోజూ నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఈ ఎగుడుదిగుళ్లు తక్కువ; మిగిలి ఉన్న కాస్త మూత్రవిసర్జన కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. దీనితో ఆయుర్దాయం పెరిగిపోతుందని నేను చెప్పడం లేదు. మొత్తం మీద చూస్తే రెండు పద్ధతుల్లోనూ ఆ విషయంలో పెద్ద తేడా కనిపించదు. అలాంటప్పుడు ఏ జీవితం కావాలో ఎంచుకునే హక్కు రోగికి కాక మరెవరికి ఉంటుంది?

ఇందులోని ప్రమాదాన్ని దాచి ఇంటి డయాలసిస్‌ను పొగడడమూ తప్పే. చేతులు సరిగా కడుక్కోకపోయినా, గొట్టం కొనను పొరపాటున తాకినా సూక్ష్మజీవులు లోపలికి చేరి ఆ కడుపు పొరకు ఇన్ఫెక్షన్ (పెరిటోనైటిస్) రావచ్చు. బయటికి వచ్చే ద్రవం మబ్బుగా కనిపించినా, కడుపు నొప్పి లేదా జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ ద్రవం బ్యాగును వెంట తీసుకుని వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్లాలి. చాలాసార్లు కడుపు ఆపరేషన్లు జరిగి లోపల అతుకులు ఏర్పడినవారికి, సరిచేయని హెర్నియా ఉన్నవారికి ఈ పద్ధతి కుదరకపోవచ్చు. మలబద్ధకం వల్ల కూడా ద్రవం సరిగా బయటికి రాదన్నది చాలామందికి తెలియని సంగతి.

వీటన్నిటికన్నా తక్కువగా మాట్లాడేది తోడుండే మనిషి గురించి. మా ఇంట్లో ఆ మనిషి మా బావ. మార్పిడులు చేసుకోవడం అక్కకు వచ్చు. అయినా బరువైన పెట్టెలు ఎత్తడం, బ్యాగులు వెచ్చబెట్టడం, బరువూ రక్తపోటూ లోపలికి పోయిన ద్రవమూ బయటికి వచ్చిన ద్రవమూ రోజూ పుస్తకంలో రాయడం, క్యాథెటర్ చుట్టూ చర్మం ఎర్రబడిందేమో చూడడం ఆయనే చేస్తారు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగుతుంది, ఈయన దిగరు. అలసిపోయానని అనడం అక్క మనసును కష్టపెడుతుందని ఆయన ఆ మాట అననే అనరు. ఇంటి చికిత్సను సూచించే వైద్యులు ఈ శ్రమను కూడా లెక్కలోకి తీసుకుని, ఫోన్ చేస్తే పలికే నర్సును ఏర్పాటు చేయాలి. ఆయనకు జబ్బు చేసినా, ఊరు వెళ్లవలసి వచ్చినా ఆ రోజుల్లో అక్క మార్పిడులను ఆసుపత్రి సిబ్బంది చూసుకుంటారన్న హామీ శిక్షణ మొదలైన రోజునే ఆయనకు రాతపూర్వకంగా అందాలి.