కల్నల్ గారు ఉన్నారా అమ్మా?

పొద్దున్నే ఒక టీవీ చానెల్ నుంచి ఫోన్. పేరు చెప్పను, చెబితే వాళ్లకే పబ్లిసిటీ. "కల్నల్ గారు ఉన్నారా అమ్మా?" అన్నాడో కుర్రాడు. మాట్లాడుతున్నాను చెప్పండి అన్నాను. "కాదమ్మా, ఒకసారి సార్‌కి ఇవ్వండి." ఏ సార్‌కి? "అదేనమ్మా, కల్నల్ సార్‌కి. రాత్రి తొమ్మిదింటికి సరిహద్దు భద్రత మీద డిబేట్ ఉంది. ఒక కుర్చీ ఖాళీగా ఉంది, సార్ వస్తే బాగుంటుందని..."

బాబూ, ఈ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క లెఫ్టినెంట్ కల్నల్. అది నేనే. మా ఆయన బ్యాంకులో లోన్ రికవరీ చూస్తారు. దీపావళికి చిచ్చుబుడ్డి ముట్టించమంటే కాకరపువ్వొత్తిని కర్రకి కట్టుకుని ముఖం అటు తిప్పుకునే మనిషి. ఆయన్ని కూర్చోబెట్టి సరిహద్దు గురించి అడుగుతారా?

అదే చెప్పాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఏమన్నాడో తెలుసా? "ఓ, మీరేనా మేడమ్! సారీ మేడమ్. అయితే ఇవాళ ప్యానెల్ ఫుల్ అయిపోయింది. మార్చి ఎనిమిదికి వీరనారీమణులు అని స్పెషల్ ప్రోగ్రాం చేస్తున్నాం, దానికి మాత్రం మీరు తప్పకుండా రావాలి."

అర నిమిషం కిందటిదాకా ఖాళీగా ఉన్న కుర్చీ, అందులో కూర్చునేది ఆడది అనగానే నిండిపోయింది!

ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. వాడు ఊళ్లో అందరూ అనుకునేదే ఫోన్లో అన్నాడు. యుద్ధం గురించి మాట్లాడాలంటే మీసం ఉండాలి. మహిళా దినోత్సవం గురించి మాట్లాడాలంటే మేము ఉండాలి. అప్పుడు కూడా ఏం అడుగుతారు? "ఇంటినీ డ్యూటీనీ ఎలా బ్యాలెన్స్ చేశారు మేడమ్?" ఏ జనరల్‌నైనా ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా? ఆయనకి ఇల్లు లేదా, లేక ఆయన ఇంట్లో బ్యాలెన్స్ చేయాల్సిన మనిషి వేరే ఉందా?

2025 మే 7 గుర్తుందిగా. ఆపరేషన్ సిందూర్ తెల్లారి కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ మైకు ముందుకొచ్చారు. దేశమంతా చప్పట్లు, ప్రతి ఫోన్లో వాళ్ల ఫొటో స్టేటస్. నేనూ పెట్టాను, సోఫియా మా సిగ్నల్స్ (సైన్యంలో సమాచార సంబంధాలు చూసే విభాగం) ఆవిడే కాబట్టి ఇంకాస్త పొంగిపోయాను. కానీ చప్పట్లు కొట్టిన వాళ్లలో ఎందరికి తెలుసు, అదే సోఫియా పేరు 2020 ఫిబ్రవరి 17న ఆడ ఆఫీసర్లకి పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యే వయసుదాకా కొలువు, ఇవ్వాలన్న సుప్రీంకోర్టు తీర్పులో ఉందని? ఎందుకు ఉంది? ఆడవాళ్లు కమాండ్‌కి, అంటే యూనిట్‌ని నడిపించడానికి, పనికిరారని ప్రభుత్వం వాదిస్తే, ఇదిగో, 2016లో పద్దెనిమిది దేశాల విన్యాసాల్లో మన దళాన్ని నడిపించిన ఆఫీసర్ ఈవిడ అని కోర్టు చూపించాల్సి వచ్చింది. అంటే 2020లో కోర్టులో సాక్ష్యం, ఐదేళ్ల తర్వాత టీవీలో గర్వకారణం.

ఆ కేసులో ప్రభుత్వం తరఫున ఇచ్చిన రాతపూర్వక నోట్‌లో ఇంకో ముత్యం ఉంది. జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ల నుంచి వస్తారట, ఆడ ఆఫీసర్ కింద పనిచేయడానికి వాళ్ల మనసు ఇంకా సిద్ధంగా లేదట! మా మీద నెపం చాలక పల్లెటూరి మీద కూడా వేశారు. నాకు తెలిసిన పల్లెటూరి జవాను ఒకాయన ఉన్నాడు, శ్రీకాకుళం వైపు హవల్దారు. మంచులో కేబుల్ తెగి పోస్టుకి లైను పోయింది. అర్ధరాత్రి, నేను టార్చి పట్టుకున్నాను, ఆయన గ్లవ్స్ తీసేసి జాయింటు వేస్తున్నాడు, వేళ్లు వంగడం లేదు. నేను వేస్తానంటే ఒప్పుకోడు. "జాయింటు నానేత్తాను, మీరు టెస్టు సెయ్యండి మేడమ్, తేడా వత్తే నన్ను తిట్టండి" అన్నాడు. ఆ మనసు సిద్ధంగా లేదా? ఆయన దసరాకి ఇప్పటికీ ఫోన్ చేస్తాడు, కూతురితో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయిస్తాడట. సిద్ధంగా లేనిది గదుల్లో కూర్చుని ఫైళ్లు కదిపేవాళ్ల మనసు.

సరే, తీర్పొచ్చింది, కమాండ్ ఇచ్చారు. 2024లో ఒక కోర్ కమాండర్ గారి లేఖ బయటికొచ్చింది, మహిళా కమాండింగ్ ఆఫీసర్లకి (సీఓలకి) అహం ఎక్కువ, ఫిర్యాదులు ఎక్కువ అని. ఎంతమందిని చూసి? ఎనిమిది మందిని. ఎనిమిది మంది మగ సీఓలని చూసి మగజాతి మొత్తానికి రిపోర్టు రాయమంటే నేనిప్పుడే కూర్చుంటాను, నాకు సరుకు బోలెడుంది.

ఇక పైకి చూడండి. జాతీయ భద్రతా సలహాదారు పదవి 1998 నుంచి ఉంది. ఇప్పటిదాకా ఐదుగురు, ఐదుగురూ మగవాళ్లే. గూఢచారి సంస్థలు చూడండి: 'రా' చీఫ్‌గా ఒక్క ఆడమనిషి లేదు, ఐబీ చీఫ్‌గా లేదు. ఇది రాస్తే కింద కామెంట్ ఏం పడుతుందో నాకు ముందే తెలుసు: "ఇందిరాగాంధీ లేదా మేడమ్?" ఉంది నాయనా. 1971 నుంచి ఆవిడ ఒక్కర్తినే అడ్డం పెట్టుకుని అందరూ తప్పించుకుంటున్నారు.

పేర్లు పెట్టడంలో మాత్రం లోటు చేయరు. అపరకాళి, రుద్రమదేవి, ఝాన్సీరాణి. అగ్ని-4, అగ్ని-5 క్షిపణుల వెనకున్న శాస్త్రవేత్త టెస్సీ థామస్ హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తే 'అగ్నిపుత్రి' అన్నారు, పని గురించి ఒక్క ముక్క అడగలేదు. ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద ఆరుగురు మహిళా నేవీ ఆఫీసర్లు 2017 సెప్టెంబర్‌లో బయల్దేరి 254 రోజుల్లో భూమి చుట్టి వచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్లు. పేర్లు చెప్పండి చూద్దాం, గూగుల్ కొట్టకుండా. విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. మన హీరోల మనవళ్ల ముద్దుపేర్లు మాత్రం అందరికీ నోటికొచ్చు.

అసలు నా మంట ఆ ఫోన్ గురించి కాదు. పదేళ్లు దాటింది, ఇవాళ కక్కేస్తాను.

మాది షార్ట్ సర్వీస్. చుట్టపుచూపు ఉద్యోగం. నాతో పాటు షార్ట్ సర్వీస్‌లో చేరిన అబ్బాయిలకి పదేళ్లకి పర్మనెంట్ కమిషన్ అడిగే వీలుండేది, నాకు లేదు. పద్నాలుగేళ్లు పూర్తవగానే సెలవు. పెన్షన్‌కి ఇరవై ఏళ్లు ఉండాలి కాబట్టి అదీ లేదు. తొమ్మిదో ఏడు ఏసీఆర్ (ఏటా పనితీరుకి తొమ్మిదికి మార్కులేసే రహస్య నివేదిక) రాసేటప్పుడు అప్పటి సీఓ నన్ను పిలిచాడు. ఏ యూనిట్టో చెప్పను. చాలా ప్రేమగా, టీ తెప్పించి మరీ చెప్పాడు. "నీకు ఎనిమిది చాలు బేటా. నువ్వెలాగూ వెళ్లిపోతావు. ఆ తొమ్మిది అతనికిస్తే రేపు బోర్డులో పనికొస్తుంది." అతను అంటే నా కోర్స్‌మేట్. ఆ ఏడాది నేను తిప్పలుపడి నిలబెట్టిన నెట్‌వర్క్ ధీమా మీద అతను లీవుకి వెళ్లొచ్చాడు. నేను "ఎస్ సర్" అని టీ తాగి వచ్చేశాను. ఆ టీ తాగినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం.

2021 మార్చిలో నితీషా కేసు తీర్పు వచ్చింది. పర్మనెంట్ కమిషన్ లేదు కదా అని ఆడ ఆఫీసర్ల ఏసీఆర్‌లు తూతూమంత్రంగా రాశారని, ఇప్పుడు వాటినే కొలమానంగా పెట్టడం అన్యాయమని కోర్టు చెప్పింది. ఆ పేరా మూడుసార్లు చదివాను. నేను 2016లోనే బయటికొచ్చేశాను. నాకు ఆ పేరాతో పనిలేదు. అతను ఇప్పుడు ఫుల్ కల్నల్, కోర్స్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పెడతాడు.

ఇది రాస్తుండగా ఆ కుర్రాడు మళ్లీ చేశాడు, ప్యానెల్‌లో ఎవరో రాలేకపోతున్నారట, "పోనీ సార్‌కి తెలిసిన వేరే సార్ ఎవరైనా ఉన్నారా మేడమ్?" అని. మా ఆయన నంబర్ ఇచ్చేశాను. వంటింట్లోంచి వినబడుతోంది, మీరు ఏ రెజిమెంట్ సార్ అని అడిగినట్టున్నారు, "రికవరీ సెక్షన్ అండీ" అంటున్నారు.